ఐపీ రౌటింగ్ ఆన్ చేశాక ఇంటర్నెట్ ఎందుకు పోయింది: ఎల్3 స్విచ్‌లో వెళ్ళే దారి, తిరిగొచ్చే దారి

బ్రదర్, మీరు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. సిస్కో కేటలిస్ట్ లేయర్ 3 (ఎల్3) స్విచ్ ఉంది, అంటే రౌటర్ పని కూడా చెయ్యగలిగే స్విచ్, అందులో పాత వీల్యాన్ (ఒకే స్విచ్‌ని విడగొట్టి చేసిన విడి నెట్‌వర్క్) 1 లో 192.168.1.0 నెట్‌వర్క్, ఫైర్‌వాల్ 192.168.1.1, స్విచ్‌కి 192.168.1.2. కొత్తగా ఆఫీసు పీసీల కోసం వీల్యాన్ 10, కెమెరాల కోసం వీల్యాన్ 20 పెట్టారు, రెండిటికీ ఇంటర్‌ఫేస్ వీల్యాన్ (ఆ వీల్యాన్‌లో స్విచ్‌కుండే సొంత ఇంటర్‌ఫేస్) కింద 192.168.10.1, 192.168.20.1 ఇచ్చారు. మొదట ఏ వీల్యాన్‌కి ఆ వీల్యానే అన్నట్టుంది, ఐపీ రౌటింగ్ అని కొట్టగానే 10, 20 మాట్లాడుకోవడం మొదలైంది. కానీ పీసీలకి ఇంటర్నెట్ రావట్లేదు, చివరికి స్విచ్ నుంచి ఇంటర్నెట్‌లోని 8.8.8.8 కి పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్) కూడా ఆగిపోయింది. మధ్యలో ఒక రౌటర్ కొనాలా అని అడుగుతున్నారు.

అక్కర్లేదు. ఆ స్విచ్ చాలు. స్విచ్‌లో ఒక లైను, ఫైర్‌వాల్‌లో రెండు రూట్లు, నాట్‌లో (లోపలి అడ్రసుల్ని బయటి పబ్లిక్ అడ్రస్‌గా మార్చే సెట్టింగు) చిన్న మార్పు, అంతే మీ పని. కానీ ఆ లైన్లు రాసిచ్చేసి వదిలేస్తే రేపు వీల్యాన్ 30 పెట్టినప్పుడు మళ్ళీ ఇక్కడే ఆగుతారు, అందుకని కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు స్విచ్ పింగ్ ఎందుకు ఆగిందో చూద్దాం. ఐపీ రౌటింగ్ ఆఫ్‌లో ఉన్నంతసేపు స్విచ్ అనేది నెట్‌వర్క్‌లో ఇంకో పీసీ లాంటిది, దానికి ఒక ఐపీ, ఒక గేట్‌వే (బయటికెళ్ళే ప్యాకెట్లు ఇచ్చే అడ్రస్). మీరు ఎప్పుడో పెట్టిన ఐపీ డిఫాల్ట్-గేట్‌వే 192.168.1.1 అప్పటిదాకా పనిచేసింది. రౌటింగ్ ఆన్ చేసిన క్షణం నుంచి అది పీసీ కాదు, రౌటర్. రౌటర్‌కి గేట్‌వే అంటూ ఉండదు, రూటింగ్ టేబుల్, అంటే ఏ నెట్‌వర్క్‌కి ఎటు పంపాలో రాసిన పట్టిక, ఉంటుంది. డిఫాల్ట్-గేట్‌వే లైను రన్నింగ్ కాన్ఫిగ్‌లో అలాగే కనిపిస్తూ ఉంటుంది, అందుకే అందరూ మోసపోతారు, కానీ స్విచ్ ఇక దాన్ని పట్టించుకోదు. దాని స్థానంలో డిఫాల్ట్ రూట్, అంటే టేబుల్‌లో లేని ఏ అడ్రస్‌కైనా వాడే దారి, కావాలి:

ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 192.168.1.1

ఇది పెట్టి షో ఐపీ రూట్ కొట్టండి. పైన గేట్‌వే ఆఫ్ లాస్ట్ రిసార్ట్ ఈజ్ 192.168.1.1 అని రావాలి, కింద ఎస్ పక్కన నక్షత్రం గుర్తుతో (S*) 0.0.0.0/0 కనపడాలి, సీ అక్షరంతో మీ మూడు నెట్‌వర్కులూ ఉండాలి. ఈ కమాండ్ కొడితే టేబుల్ బదులు డిఫాల్ట్ గేట్‌వే ఈజ్ అంటూ మొదలై ఐసీఎంపీ రీడైరెక్ట్ క్యాష్ గురించి ఏదో చెప్తే మాత్రం రౌటింగ్ ఇంకా ఆన్ అవలేదని అర్థం, మిగతావన్నీ ఆపి ముందు అది చూసుకోండి.

నెక్స్ట్ హాప్ (ప్యాకెట్ తర్వాత చేరాల్సిన చోటు, ఆ లైను చివర్లోది) దగ్గర ఐపీనే రాయండి. కొంతమంది అక్కడ వీల్యాన్ 1 అని ఇంటర్‌ఫేస్ పేరు ఒక్కటే రాస్తారు, అప్పుడు స్విచ్ ప్రపంచంలోని ప్రతి అడ్రసూ ఆ వీల్యాన్‌లోనే ఉందనుకుని ఒక్కోదానికీ ఏఆర్‌పీ (ఈ ఐపీది ఏ మ్యాక్, అంటే హార్డ్‌వేర్ అడ్రస్, అనే ప్రశ్న) అడుగుతుంది. ఫైర్‌వాల్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ (వేరే అడ్రసుల తరఫున తన మ్యాక్ చెప్పడం) ఉంటే నడిచినట్టే ఉంటుంది, ఏఆర్‌పీ టేబుల్ మాత్రం పెరిగిపోతూ ఉంటుంది, ఒకరోజు అక్కడ ప్రాక్సీ ఏఆర్‌పీ ఆఫ్ చేస్తారు, ఎందుకు ఆగిందో ఎవరికీ తెలీదు.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. మీరు స్విచ్ పక్కనే, అదే 192.168.1 నెట్‌వర్క్‌లో కూర్చుని చేశారు కాబట్టి సరిపోయింది. నేను ఒకసారి దూరంగా ఉన్న ఒక బ్రాంచి స్విచ్‌లోకి వేరే నెట్‌వర్క్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్ళి, రాత్రి పూట, ఐపీ రౌటింగ్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. కర్సర్ అక్కడే ఆగిపోయింది. స్విచ్ బాగానే ఉంది, నా ప్యాకెట్లు దానికి చేరుతూనే ఉన్నాయి, కానీ నాకు జవాబు పంపడానికి అది వాడుతున్న డిఫాల్ట్-గేట్‌వే ఆ ఒక్క కమాండ్‌తో చెల్లకుండా పోయింది. పొద్దున మనిషి కన్సోల్ కేబుల్ పట్టుకుని అక్కడికి వెళ్ళేదాకా ఆ సైటు నా చేతిలో లేదు. అప్పటినుంచి నా వరస ఎప్పుడూ ఇదే, ముందు ఐపీ రూట్ 0.0.0.0 లైను, తర్వాతే ఐపీ రౌటింగ్. రూట్ లైను ముందే రాసిపెట్టుకోవచ్చు, రౌటింగ్ ఆన్ అయ్యేదాకా అది ఊరికే ఉంటుంది. దానికంటే ముందు, అసలు ఏ మార్పూ మొదలుపెట్టకముందే, రీలోడ్ ఇన్ 10 అని కొడతాను. చెయ్యి తప్పి బయటపడిపోతే పది నిమిషాలకి స్విచ్ తనంతట తానే రీస్టార్ట్ అయ్యి, మార్పులు సేవ్ చెయ్యలేదు కాబట్టి, పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అన్నీ బావుంటే రీలోడ్ క్యాన్సిల్. అది మర్చిపోతే పని బాగా అయ్యాక కూడా అందరి కనెక్షనూ పడిపోతుంది, కాబట్టి ఫోన్‌లో ఎనిమిది నిమిషాలకి అలారం పెట్టుకోండి.

సరే, డిఫాల్ట్ రూట్ పెట్టారు. ఇప్పుడు స్విచ్ నుంచి 8.8.8.8 కి పింగ్ కొడితే ఐదు ఆశ్చర్యార్థకాలు వస్తాయి, మీరు అయిపోయిందనుకుంటారు, వీల్యాన్ 10 లో పీసీ దగ్గరకెళ్ళి చూస్తే ఇంటర్నెట్ ఉండదు. నూటికి తొంభై మంది ఆగేది ఇక్కడే అని నా అనుభవం. ఎందుకంటే స్విచ్ తనంతట తాను పింగ్ పంపేటప్పుడు బయటికెళ్ళే ఇంటర్‌ఫేస్ అడ్రసునే సోర్స్‌గా వేసుకుంటుంది, అంటే 192.168.1.2. ఆ అడ్రసు ఫైర్‌వాల్‌కి పక్కింటిదే, జవాబు నేరుగా ఇచ్చేస్తుంది. పీసీది అలా కాదు. పీసీ పడే కష్టం మీకు కనపడాలంటే స్విచ్‌లో ఇలా కొట్టండి:

పింగ్ 8.8.8.8 సోర్స్ వీల్యాన్ 10

ఇప్పుడు చుక్కలు వస్తాయి, అంటే జవాబు రాలేదని. ఈ ఒక్క కమాండ్ అలవాటు చేసుకుంటే మీకు చాలా రాత్రులు మిగులుతాయి.

ఈ చుక్కల వెనక ఏం జరుగుతోందో ఒక ప్యాకెట్ వెంట నడిచి చూద్దాం. పీసీ 192.168.10.25, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.10.1. 8.8.8.8 తన నెట్‌వర్క్ కాదని మాస్క్ చూసి తెలుసుకుంటుంది, 10.1 ది మ్యాక్ ఏంటని ఏఆర్‌పీ అడుగుతుంది, స్విచ్ తన మ్యాక్ ఇస్తుంది. ఫ్రేమ్ మీద గమ్యం మ్యాక్ స్విచ్‌ది, లోపల ఐపీ గమ్యం మాత్రం 8.8.8.8. స్విచ్ ఆ ఫ్రేమ్ తన మ్యాక్‌కే వచ్చింది కాబట్టి విప్పుతుంది, టేబుల్ చూస్తుంది, ఎక్కువ బిట్లు ఎక్కడ కలిస్తే ఆ రూట్ తీసుకుంటుంది, ఏదీ కలవకపోతే 0.0.0.0 కి వస్తుంది, టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) ఒకటి తగ్గించి, అంటే విండోస్ పీసీ అయితే 128 నుంచి 127 చేసి, కొత్త మ్యాక్‌లు వేసి 192.168.1.1 కి తోస్తుంది. ఐపీలు మారవు, మ్యాక్‌లు మారతాయి. ఇదంతా హార్డ్‌వేర్‌లో జరుగుతుంది, సీపీయూ దాకా రాదు, అందుకే ఎల్3 స్విచ్‌లో వీల్యాన్‌ల మధ్య రౌటింగ్ అంత వేగం.

ఇక్కడిదాకా మీ దగ్గర అంతా సరిగ్గానే ఉంది. ప్యాకెట్ ఫైర్‌వాల్‌కి చేరింది. ఫైర్‌వాల్ దాన్ని నాట్ చేసి బయటికి పంపిందే అనుకుందాం, 8.8.8.8 జవాబిచ్చింది, ఫైర్‌వాల్ నాట్ విప్పి చూస్తే గమ్యం 192.168.10.25. దాని టేబుల్‌లో 192.168.1.0 ఉంది, బయటికి డిఫాల్ట్ రూట్ ఉంది. 192.168.10 అనే పేరే అది ఎప్పుడూ వినలేదు. ఏం చేస్తుంది? తెలీనివన్నీ డిఫాల్ట్ రూట్‌కే కదా, మీ పీసీకి రావాల్సిన జవాబుని మళ్ళీ ఇంటర్నెట్ వైపుకే తోసేస్తుంది, అక్కడ అది పోతుంది. కొన్ని ఫైర్‌వాల్స్ అసలు ఈ సోర్స్ నాకు తెలీదు, నకిలీదేమో అని వచ్చేటప్పుడే పడేస్తాయి.

అందుకే నేను రౌటింగ్ నేర్పేటప్పుడు మొదట చెప్పేది, వెళ్ళే దారి ఒక పని, తిరిగొచ్చే దారి ఇంకో పని. స్విచ్‌కి ఫైర్‌వాల్ తెలిసినంత మాత్రాన ఫైర్‌వాల్‌కి స్విచ్ వెనకున్న నెట్‌వర్కులు తెలిసిపోవు. ఎవరి టేబుల్ వాళ్ళది, ఎవరి నిర్ణయం వాళ్ళది. ఫైర్‌వాల్ స్టాటిక్ రూట్స్ పేజీలోకెళ్ళి గమ్యం 192.168.10.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.2 అని ఒకటి, 192.168.20.0 కి అలాంటిదే ఇంకోటి పెట్టండి. తర్వాత నాట్ రూల్ తెరిచి చూడండి, చాలా చోట్ల సోర్స్ దగ్గర పాత 192.168.1.0 ఒక్కటే రాసి ఉంటుంది, అందులో 10 ని కూడా చేర్చాలి. కెమెరాలకి ఇంటర్నెట్ అవసరం లేకపోతే 20 ని చేర్చకండి, నేనైతే చేర్చను.

రోజూ వీల్యాన్ పెట్టినప్పుడల్లా ఫైర్‌వాల్‌లోకి వెళ్ళడం ఎందుకని 192.168.0.0 కి 255.255.0.0 మాస్క్‌తో ఒకే రూట్ స్విచ్ వైపు పెట్టేవాళ్ళున్నారు. పనిచేస్తుంది, తప్పు కాదు, కానీ ఎవరైనా లేని అడ్రస్‌కి, మాటవరసకి 192.168.77.5 కి పంపితే ఫైర్‌వాల్ స్విచ్‌కి ఇస్తుంది, స్విచ్‌కి తెలీదు కాబట్టి డిఫాల్ట్ రూట్‌లో ఫైర్‌వాల్‌కి ఇస్తుంది, టీటీఎల్ అయిపోయేదాకా ఇద్దరి మధ్యా బంతాటే. అలా పెట్టేట్టయితే స్విచ్‌లో ఐపీ రూట్ 192.168.0.0 255.255.0.0 నల్0 (అక్కడికి పంపినవి పారేసే చోటు) అని కూడా పెట్టండి. ఉన్న వీల్యాన్‌లకి ఇంకా ఎక్కువ బిట్లు కలిసే రూట్లు ఉంటాయి కాబట్టి వాటికేం కాదు, లేనివి మాత్రం అక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు ఇంటర్నెట్ వస్తుంది. వచ్చాక మీకు ఇంకో సమస్య కనపడబోతోంది, ముందే చెప్తున్నా. వీల్యాన్ 1 లో మీ పాత సర్వర్ ఉందన్నారు, 192.168.1.50 అనుకుందాం, దాని గేట్‌వే ఫైర్‌వాలే. వీల్యాన్ 10 పీసీ నుంచి ఆ సర్వర్ ఫోల్డర్ తెరిస్తే స్విచ్‌కి వీల్యాన్ 1 నేరుగా తెలుసు, ఎస్‌వైఎన్ (కనెక్షన్ మొదలుపెట్టే) ప్యాకెట్ తిన్నగా సర్వర్‌కి ఇచ్చేస్తుంది. సర్వర్ జవాబు మాత్రం తన గేట్‌వే అయిన ఫైర్‌వాల్‌కి ఇస్తుంది. ఫైర్‌వాల్ ఆ కనెక్షన్ మొదలవడం చూడలేదు, దాని చేతికి మొదట వచ్చిందే సగంలో ఉన్న ఎస్‌వైఎన్-యాక్ (ఎస్‌వైఎన్‌కి జవాబు), స్టేట్ (ఏ కనెక్షన్ ఎక్కడిదాకా వచ్చిందో) చూసే ఏ ఫైర్‌వాలైనా దాన్ని మామూలుగా పడేస్తుంది. కొన్ని ఫైర్‌వాల్స్ పింగ్ జవాబుని మాత్రం వదిలేస్తాయి, అప్పుడు పింగ్ వెళ్తుంది ఫోల్డర్ తెరుచుకోదు, జనం కేబుల్ మారుస్తారు, సర్వర్ రీస్టార్ట్ చేస్తారు, యాంటీవైరస్ తీసేస్తారు. ఒక చోట నేను వెళ్ళేసరికి సర్వర్‌కి విండోస్ మళ్ళీ ఎక్కించడం కూడా అయిపోయింది. తప్పు సర్వర్‌ది కానే కాదు, వెళ్ళే దారి ఒకటి వచ్చే దారి ఒకటి అయ్యింది.

సర్వర్ గేట్‌వేని 192.168.1.2 కి మార్చేస్తే ఆ సర్వర్ వరకు ఇవాళ్టికి గడుస్తుంది. కానీ సరైన పద్ధతి, ఫైర్‌వాల్ ఉన్న వీల్యాన్‌లో ఇంకెవరూ ఉండకూడదు. ఫైర్‌వాల్‌కీ స్విచ్‌కీ మధ్య ఒక చిన్న నెట్‌వర్క్ పెట్టండి, వీల్యాన్ 99, 192.168.99.0, మాస్క్ 255.255.255.252. అందులో వాడుకోడానికి రెండే అడ్రసులు, ఫైర్‌వాల్‌కి .1, స్విచ్‌కి .2. మూడోవాడికి చోటే లేదు, అదే మనకి కావాల్సింది. కావాలంటే వీల్యాన్ లేకుండా ఆ పోర్టులోకెళ్ళి నో స్విచ్‌పోర్ట్ అని కొట్టి నేరుగా పోర్టుకే ఐపీ ఇవ్వొచ్చు. అప్పుడు పాత 192.168.1.1 అడ్రస్‌ని స్విచ్ వీల్యాన్ 1 ఇంటర్‌ఫేస్‌కి ఇచ్చేస్తే పాత మెషీన్లలో గేట్‌వే మార్చే పనే లేదు, అందరికీ గేట్‌వే స్విచ్చే. పాత మెషీన్లలో ఫైర్‌వాల్ మ్యాక్ ఏఆర్‌పీలో మిగిలిపోయి కాసేపు ఇబ్బంది పెట్టొచ్చు, కంగారు పడొద్దు, ఆ మెషీన్లలో ఏఆర్‌పీ క్లియర్ చేస్తే చాలు. డిఫాల్ట్ రూట్‌నీ, ఫైర్‌వాల్‌లో రూట్లనీ 99 అడ్రసులకి మార్చడం మర్చిపోకండి, ఇప్పుడు 192.168.1.0 కి కూడా ఫైర్‌వాల్‌లో రూట్ కావాలి, ఎందుకంటే అది కూడా స్విచ్ వెనక్కి వెళ్ళిపోయింది. ఒక సెలవురోజు పెట్టుకుని చెయ్యండి ఇది, పని వేళల్లో వద్దు.

ఇంటర్‌ఫేస్ వీల్యాన్ డౌన్‌లో ఉంటోంది అని మీరు మధ్యలో ఒక మాట రాశారు, దానికి చిన్న జవాబు. ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 20 అని కొట్టినంత మాత్రాన వీల్యాన్ 20 పుట్టదు, వీల్యాన్ 20 అని విడిగా చెయ్యాలి. చేశాక కూడా ఆ వీల్యాన్‌లో ఒక్క పోర్టైనా లింక్ వచ్చి, స్పానింగ్ ట్రీలో (లూపులు రాకుండా పోర్టుల్ని ఆపే పద్ధతి) ఫార్వర్డింగ్‌లో ఉంటేనే ఇంటర్‌ఫేస్ లేస్తుంది. కెమెరా ఒక్కటి కూడా గుచ్చకుండా పింగ్ రావట్లేదని చూస్తుంటే సాయంత్రం దాకా రాదు. డౌన్‌లో ఉన్న ఇంటర్‌ఫేస్ నెట్‌వర్క్ రూటింగ్ టేబుల్‌లో కూడా ఉండదు.

ఇంకోటి, వీల్యాన్ 10 లో పీసీ నుంచి వీల్యాన్ 20 లో విండోస్ మెషీన్‌కి పింగ్ రాకపోతే వెంటనే స్విచ్‌ని అనుమానించకండి, వేరే నెట్‌వర్క్ నుంచి వచ్చే పింగ్‌ని విండోస్ ఫైర్‌వాల్ సాధారణంగా ఆపేస్తుంది. కెమెరాకో ప్రింటర్‌కో పింగ్ చేసి చూడండి. మొదటి పింగ్ ఒకటి పోయి మిగతావి వస్తే అది ఏఆర్‌పీ తెలుసుకునే టైము, వదిలెయ్యండి.

డీహెచ్‌సీపీ సర్వర్ (పీసీలకి ఐపీలు పంచేది, అదీ ఆ పాత సర్వరే అనుకుందాం) వీల్యాన్ 1 లోనే ఉంచుతానంటే, పీసీ అడిగే మొదటి మాట బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వేసే కేక), అది వీల్యాన్ దాటదు. ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10 కింద ఐపీ హెల్పర్-అడ్రస్ 192.168.1.50 అని ఇవ్వండి, స్విచ్ ఆ అడగడాన్ని మోసుకెళ్ళి, ఏ వీల్యాన్ నుంచి వచ్చిందో తన 192.168.10.1 అడ్రస్ రాసి మరీ సర్వర్‌కి ఇస్తుంది, సర్వర్ దాన్ని చూసే 10 స్కోప్ (ఆ నెట్‌వర్క్ ఐపీల జాబితా) నుంచి ఐపీ తీస్తుంది. ఇక్కడ కూడా సర్వర్‌కి 192.168.10.1 కి తిరిగి దారి తెలిసుండాలి, లేకపోతే సర్వర్ లాగ్‌లో ఐపీ ఇచ్చినట్టుంటుంది, పీసీకి రాదు.

మోడల్ సంగతి త్వరగా చెప్పేస్తా. మీది పాత కేటలిస్ట్ 2960 లాంటిదైతే రౌటింగ్ కమాండ్ తీసుకోదు, ముందు ఎస్‌డీఎమ్ ప్రిఫర్ లాన్‌బేస్-రౌటింగ్ అని పెట్టి, రీలోడ్ చేశాకే వస్తుంది, అది కూడా పరిమితంగా స్టాటిక్ రూట్ల వరకే. సిస్కోలోనే నెక్సస్ రకం అయితే ముందు ఫీచర్ ఇంటర్‌ఫేస్-వీల్యాన్ అనాలి. మీ సైజుకి ఓఎస్‌పీఎఫ్ (రూట్లని ఒకరి నుంచి ఒకరు వాటంతటవే నేర్చుకునే పద్ధతి) అవసరం లేదు, ఒక స్విచ్ ఒక ఫైర్‌వాల్ మధ్య స్టాటిక్ రూట్లు చూడ్డానికి తేలిక, పాడైతే వెతకడం తేలిక. రెండో దారి అంటూ వచ్చినప్పుడు ఆలోచిద్దాం.

చివరిగా కెమెరాలు. రౌటింగ్ ఆన్ చేశారంటే ఇప్పటిదాకా విడిగా ఉన్న వీల్యాన్‌ల మధ్య తలుపు తెరిచినట్టే, కెమెరా నుంచి మీ అకౌంట్స్ పీసీ దాకా ఎవరైనా రావొచ్చు. కెమెరాలు ఆఫీసు వైపు రాకూడదంటే వీల్యాన్ 20 ఇంటర్‌ఫేస్ మీద యాక్సెస్ లిస్ట్ (ఏ ప్యాకెట్ పోవాలో ఏది ఆగాలో రాసిన జాబితా) ఇన్ దిశలో పెట్టాలి. ఇన్ అంటే ఆ వీల్యాన్ నుంచి స్విచ్‌లోకి వచ్చేది, చాలామంది తిరగేసి పెడతారు. మాస్క్ కూడా తిరగేసే రాయాలి, 255.255.255.0 కాదు, 0.0.0.255. డినై 192.168.20.0 నుంచి 192.168.10.0 కి అని ఊరికే రాసేస్తే పీసీలో కెమెరా చూడ్డం కూడా ఆగిపోతుంది, ఎందుకంటే ఈ లిస్టుకి ఫైర్‌వాల్‌లా జ్ఞాపకం ఉండదు, పీసీ అడిగినదానికి కెమెరా ఇచ్చే జవాబు కూడా దాని కంటికి 20 నుంచి 10 కి పోయే ప్యాకెట్టే. అందుకని డినైకి పైన పర్మిట్ టీసీపీ చివర ఎస్టాబ్లిష్డ్ అని ఒక లైను పెట్టండి, పీసీ మొదలుపెట్టిన టీసీపీ జవాబులు వస్తాయి, కెమెరా తనంతట తాను మొదలుపెట్టడం మాత్రం కుదరదు. వీడియో యూడీపీలో (కనెక్షన్ పెట్టుకోకుండా పంపే పద్ధతి) వస్తుంటే ఈ లైను దానికి పట్టదు, కెమెరా సాఫ్ట్‌వేర్‌లో స్ట్రీమ్‌ని టీసీపీకి మార్చండి. లిస్టు ఆఖర్లో కనపడని డినై ఒకటి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి కెమెరాలకి డీహెచ్‌సీపీ, టైమ్ సర్వర్, రికార్డర్, ఏమేం కావాలో అవన్నీ పర్మిట్ రాసుకున్నాకే ఇంటర్‌ఫేస్‌కి తగిలించండి.

ఇవాళ మాత్రం డిఫాల్ట్ రూట్, ఫైర్‌వాల్ రూట్లు, నాట్ వరకే చెయ్యండి, తర్వాత సోర్స్ వీల్యాన్ 10 తో పింగ్, పీసీ నుంచి ట్రేసర్ట్ 8.8.8.8 (దారిలో ఒక్కో రౌటర్‌నీ చూపే కమాండ్). మొదటి లైన్లో 192.168.10.1, రెండో లైన్లో ఫైర్‌వాల్ రావాలి, ఫైర్‌వాల్ ట్రేస్‌కి జవాబివ్వని సెట్టింగులో ఉంటే అక్కడ నక్షత్రం గుర్తులు (*) వస్తాయి, ఫరవాలేదు. మొదటి లైనే రాకపోతే పీసీ గేట్‌వే చూడండి, మొదటిది వచ్చి ఆ తర్వాత ఏదీ రాకపోతే ఫైర్‌వాల్ టేబుల్ చూడండి. అప్పటికీ రాకపోతే షో ఐపీ రూట్, షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్, ఫైర్‌వాల్ రూట్ టేబుల్, ఈ మూడూ పెట్టండి, పబ్లిక్ ఐపీ తీసేసి. కాన్ఫిగ్ సేవ్ చెయ్యడం మాత్రం పీసీలో పేజీ తెరుచుకున్నాకే.